జడ చెప్పిన జబ్బు

నా నలభై మూడో ఏట జుట్టు రాలడం మొదలైంది. మొదట దువ్వెనలో, తరువాత దిండుమీద, చివరకు నేను అనువదిస్తున్న కాగితాల నడుమ కూడా వెంట్రుకలు కనిపించసాగాయి. రోజుకు యాభై నుంచి వంద దాకా రాలడం ఎవరికైనా సహజమేనట. నేను లెక్కపెట్టడం మానివేశాను.

మాది ఖరగ్‌పూర్. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో వర్క్‌షాపు కొలువుకై తెలుగు జిల్లాల నుంచి తరలివచ్చిన కుటుంబాలలో మాదీ ఒకటి. ఈ ఊళ్ళో సలహాలకు కొదవ లేదు. అవీ మూడు భాషల్లో. మనవాళ్ళు నీళ్ళ దోషమన్నారు. పక్కింటి బెంగాలీ మాసీమా మందారపూలు కాచిన నూనె ఇచ్చింది. గోల్‌బజారులో ఒకావిడ, "తిరుపతి వెళ్ళొచ్చారా?" అని కుశలమడిగింది.

ఒక వైద్యుడు చుండ్రు అని షాంపూ రాశాడు. ఆరు నెలల తరువాత మరొకాయన, "ఈ వయసు ఆడవాళ్ళకు మామూలే, బెంగ పెట్టుకోకండి" అని బలానికి మాత్రలిచ్చాడు. ఇద్దరూ నా నెత్తినే చూశారు. తప్పంతా వారిదే అనలేను. ఒళ్ళు బరువెక్కడం, మలబద్ధకం, మధ్యాహ్నానికే ముంచుకొచ్చే నిద్ర, వీటికీ జుట్టుకూ సంబంధముంటుందని తోచక నేనూ చెప్పలేదు.

ఇక్కడ అనువాదకురాలిగా ఒక మాట. తలమీద బిళ్ళలు బిళ్ళలుగా జుట్టు ఊడితే మనం పేనుకొరుకుడు అంటాం. పేలకు అందులో ప్రమేయమే లేదు. శరీర రక్షణ వ్యవస్థే పొరబడి వెంట్రుకల కుదుళ్ళ మీద పడుతుంది. ఇంగ్లీషువారి 'అలొపీషియా'కు మూలం నక్క అనే గ్రీకు మాట. నక్కలకు గజ్జి పట్టి బొచ్చు ఊడుతుందని ఆ పేరు. రెండు భాషలూ నేరం జంతువుల మీదికే నెట్టాయి! నాది ఆ జబ్బు కాదు. తలంతా సమంగా పలచబడింది.

ప్రచురణకర్త పనిమీద కలకత్తా వెళ్ళినప్పుడు ఒక పెద్ద డాక్టరమ్మను చూశాను. ఆమె నా తల ముట్టుకోనైనా లేదు. "ఏప్రిల్లో శాలువా ఎందుకు కప్పుకున్నారు?" అన్నది. తరువాత నా కనుబొమల చివరలు చూసింది. అవి బయటి కొసన పలచబడి ఉన్నాయి. గొంతు తడిమి చూసి, రక్తపరీక్షలు రాసింది.

టి.ఎస్.హెచ్. 38 వచ్చింది, నాలుగైదు దాటకూడనిది. జపాన్ వైద్యుడు హషిమోతో 1912లో వర్ణించిన జబ్బు ఇది. గొంతు ముందుండే థైరాయిడ్ గ్రంథిని శరీరమే దెబ్బతీస్తుంది. దాని స్రావం తగ్గితే వెంట్రుకలు పెరగడం మాని వేళకు ముందే విశ్రాంతిలోకి పోతాయి. అలా పోయినవి వెంటనే రాలవు, రెండు మూడు నెలలు పడుతుంది. అందువల్లనే రాలిన రోజున కారణం కంటికి కనిపించదు. రక్తంలో ఇనుము తగ్గినా, పెద్ద జ్వరం వచ్చి తగ్గినా, కాన్పు తరువాతా ఇలాగే రాలవచ్చునని ఆమె చెప్పింది. నా ఇనుము నిల్వలు మాత్రం సరిగానే ఉన్నాయి.

మాత్ర మొదలుపెట్టిన ఏడో నెలలో నుదుటి దగ్గర పసిపిల్లల జుట్టులాంటివి నిక్కబొడుచుకున్నాయి. అద్దం ముందు నిలబడి వాటిని చూస్తూంటే గోడమీది అమ్మ ఫోటో అద్దంలో కనిపించింది. ఉబ్బిన ముఖం, సగంలోనే ఆగిపోయిన కనుబొమలు. ఆఖరి ఏళ్ళలో ఆమె గొంతు బొంగురుపోయింది. ఎండాకాలంలోనూ దుప్పటి వదిలేది కాదు. ఇంటిల్లిపాదీ బద్ధకమనేవాళ్ళం. ఆ మాట నేను కూడా అన్నాను. ఆమెకు ఏ పరీక్షా జరగలేదు, ఇక జరగదు.

ఆ ఫోటోను విజయనగరంలో ఉన్న చెల్లెలికి పంపాను. చాలాసేపటికి ఫోను చేసింది. "అక్కా, ఆ కనుబొమలు నాకూ ఉన్నాయే" అన్నది.

వారం తిరక్కుండానే దాని రిపోర్టు వచ్చింది. ఆ మాత్ర పరగడుపున వేసుకోవాలి. కాఫీ వెంటనే తాగరాదు. ఇప్పుడు రోజూ తెల్లవారుజామున ఇద్దరం మాత్ర మింగి, కాఫీ వేళ అయ్యేదాకా ఫోనులో అమ్మ గురించి మాట్లాడుకుంటున్నాం.