పల్లె చవకా, పట్నం ప్రియమా?

హైదరాబాదులో నాలుగు మధ్యతరగతి సంసారాలు ఒకచోట చేరితే, కాఫీలు పూర్తికాక ముందే వచ్చే మాట ఒకటి వున్నది. "రిటైరు కాగానే యీ పట్నం వదిలి, కోనసీమ పోయి హాయిగా వుంటామండీ. అక్కడ ఖర్చేముంది? కొబ్బరిచెట్టు కింద మడతకుర్చీ వేసుకుంటే చాలు!" నెత్తిన కాయ పడే సంగతి అలా వుంచి, ఆ మాటలో నిజమెంతో చూద్దాం.

రాజమహేంద్రవరంలో రైలు దిగి బస్సెక్కితే, జొన్నాడ దగ్గర గౌతమిని దాటి రావులపాలెం చేరుతాం. అరటిగెలల గుట్టలు పలకరిస్తాయి. అక్కడినుంచి కొత్తపేట మీదుగా అమలాపురం దాకా కాలువలూ, వరిచేలూ, కొబ్బరితోటలూ. యీ డెల్టా చేలకు ప్రాణం పోసింది కాటన్ దొర 1852లో పూర్తి చేయించిన ధవళేశ్వరం ఆనకట్ట. కళ్ళకు మాత్రం పైసా ఖర్చులేని విందు.

ఇదే గోదావరిని హైదరాబాదువాళ్ళు కూడా తాగుతున్నారు. ఎల్లంపల్లి దగ్గర తోడి, నూరు మైళ్ళకు పైగా గొట్టాలలో నడిపించి, 2015 నుంచి నగరానికి తెస్తున్నారు. ఇక్కడ కాలువ ఒడ్డునే కాపురమున్న ఇల్లాలు శుద్ధిచేసిన నీళ్ళడబ్బా కొనుక్కుంటున్నది! పాలూ అంతే. తెల్లవారకుండానే కేంద్రానికి వెళ్ళిపోయి, ప్యాకెట్లలో తిరిగి వస్తాయి. పప్పు, నూనె, సబ్బు, గ్యాసుబండ, సెల్‌ఫోను — వీటిలో దేనికీ పల్లెటూరు కదా అని తగ్గించి యిచ్చేవాడు లేడు.

మరి చవక ఎక్కడున్నట్టు? కేంద్ర ప్రభుత్వం 2023–24లో జరిపిన కుటుంబ వ్యయ సర్వే ప్రకారం, దేశం మొత్తం మీద మనిషికి నెలసరి సగటు ఖర్చు పల్లెలో 4,122 రూపాయలు, పట్నంలో 6,996. ఇది చూసి పొంగిపోనక్కరలేదు. తక్కువ ఖర్చుపెట్టటం వేరు, తక్కువకు దొరకటం వేరు. ఆ సర్వేలోనే మరో లెక్క వున్నది. నూరు రూపాయల ఖర్చులో తిండికే పల్లెలో 47 పోతున్నవి. పట్నంలో 40 కూడా పోవటం లేదు. తిండి పండించే చోటనే తిండికి ఎక్కువ భాగం పోతున్నదన్నమాట! పల్లెలో నిజంగా కలిసివచ్చేది ఇంటి అద్దె ఒక్కటే. అదీ సొంత ఇల్లున్నవారికి.

ఇక రాబడి సంగతి. గిట్టుబాటు కావటం లేదని 2011లో కోనసీమ రైతులు సార్వా వెయ్యకుండా పొలాలు బీడు పెట్టారు. ఎందరో ఆడవాళ్ళు పిల్లల్ని అమ్మమ్మల దగ్గర వదిలి కువైట్ వెళ్ళి, ఇళ్ళల్లో పనిచేసి డబ్బు పంపుతున్నారు. పచ్చని ఊరిలో జరుగుబాటు లేకనే గదా!

మరొక మాట. ఊరు అందరికీ ఒకే ఊరు కాదు. 2022 మే నెలలో, జిల్లా పేరుకు అంబేద్కర్ పేరు చేర్చడాన్ని వ్యతిరేకిస్తూ అమలాపురంలో ఇళ్ళు తగలబెట్టారు. "మా ఊళ్ళో అందరూ అందరికీ తెలుసు" అని ఒకరు మురిసిపోతూ చెప్పుకుంటే, పేటలో పుట్టినవాడికి ఆ తెలియటమే బరువు. "మీరెవరండీ?" అని అడిగే తీరిక ఎవరికీ లేని పట్నం అతనికి సుఖంగానే వుంటుంది.

అయినా లెక్కలకు అందనిది ఒకటున్నది. మా పినతండ్రిగారు ఉద్యోగం ముగిశాక సొంత ఊరు వెళ్ళి కాపురం పెట్టారు. ఒక వానాకాలపు అర్ధరాత్రి మా పిన్నికి గుండెనొప్పి వచ్చింది. దగ్గరలో వైద్యం లేదు. కాకినాడ దాకా పోవాలి. పక్కింటి కుర్రవాడు కారు తీశాడు. వాళ్ళమ్మ వెనక సీట్లో పిన్ని తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. రెండు గంటల ప్రయాణం. మనిషి దక్కింది. ఆ కుర్రవాడు పెట్రోలు డబ్బులు కూడా పుచ్చుకోలేదు. హైదరాబాదులో అయితే ఆసుపత్రి పది నిమిషాల దూరం. కాని అపార్టుమెంటులో అర్ధరాత్రి తలుపు కొడితే లేచేవారెవరు?

"మళ్ళీ పట్నం వచ్చెయ్యండి" అని పిల్లలు పోరుతూనే వున్నారు. "డాక్టరు దగ్గరా, మనుషులు దగ్గరా అంటే ఏం చెప్పనురా!" అంటుంది పిన్ని.

కనుక పట్నంలో ఇల్లు అమ్మి పల్లెకు బయలుదేరే దంపతులు బియ్యం ధర కనుక్కోనక్కరలేదు. అది రెండుచోట్లా ఒకటే. ఒక వానాకాలం అద్దెకు వుండి చూడండి. రాత్రిపూట ఆసుపత్రి ఎంత దూరమో, పిలిస్తే పలికే గుమ్మం ఏదో తెలుసుకోండి. మొదటిది డబ్బుతో కొంత దగ్గర చేసుకోవచ్చు. రెండోది మాత్రం పల్లెలోనైనా, పట్నంలోనైనా, మనం ముందు నలుగురి గుమ్మాలెక్కితేనే దొరికేది.