చెవులకూ ఓ హద్దుంది

కిందటి దసరా సెలవుల్లో ఓ సాయంత్రం కౌంట్ బేసీ బ్యాండు పాట పెట్టుకున్నాను. మెడికల్ కాలేజీ హాస్టల్లో ఒక సీనియర్ క్యాసెట్ ఇచ్చిన నాటినుంచీ అమెరికా వారి ఈ పెద్ద బ్యాండు జాజ్ అంటే నాకు పిచ్చి. ఆ రోజు మాత్రం ఏదో వెలితి. డ్రమ్ముల పక్కనుండే కంచు తాళాల సన్నటి గలగల వినిపించలేదు. రికార్డింగే పాడైందనుకుని శబ్దం పెంచాను. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి, "ఏమండీ, నాకు వినిపిస్తూనే ఉందే! పాడైంది పాట కాదేమో" అంది.

రోగులకు రోజూ సలహాలిచ్చే నేను పరీక్షకు వెళ్ళడానికి రెండు నెలలు పట్టింది. చెవి డాక్టరు మిత్రుడు చేతిలో పెట్టిన కాగితంలో, 4,000 హెర్ట్‌జ్ దగ్గర గీత గుంటలో పడ్డట్టు దిగిపోయింది. ఏళ్ళ తరబడి రాత్రిళ్ళు హెడ్‌ఫోన్లలో గట్టిగా విన్నదాని ఫలితం! లోపలి చెవిలో శబ్దాన్ని అందుకునే సూక్ష్మమైన రోమకణాలు చస్తే మళ్ళీ పుట్టవు. వాటిని తిరిగి తెచ్చే మందు ఇంతవరకూ లేదు.

ఈ బ్యాండులో ఐదు శాక్సఫోన్లు, నాలుగు ట్రంపెట్లు, మూడు నాలుగు ట్రోంబోన్లు ఉంటాయి. అన్నీ ఒక్కసారి ఊదితే ఒళ్ళు ఝల్లుమంటుంది. ఆ హోరే గొప్పనుకునేవాణ్ణి. ఇప్పుడు శబ్దం తగ్గించి, చెవి ఒగ్గి వింటే ఫ్రెడ్డీ గ్రీన్ దొరికాడు. 1937లో చేరి, 1987లో పోయేదాకా దాదాపు 50 ఏళ్ళు ఆ బ్యాండులో గిటారు వాయించిన మనిషి. కరెంటు తగిలించని మామూలు గిటారు. తనొక్కడే వాయించి మెప్పు పొందాలన్న యావ లేదు. దెబ్బకొక మీటు, అంతే. మన కచేరీలో తంబురా శ్రుతిని నిలిపినట్టు, లయను నిలుపుతాడు. 1957లో రికార్డు చేసిన 'లిల్ డార్లిన్' వినండి. ఎంత నెమ్మదో! బేసీ కూడా పియానో మీద నాలుగు స్వరాలు పలికించి, మిగతా చోటు తోటివారికి వదిలేస్తాడు.

అంచేత సంగీతం మానమని చెప్పను. హద్దు తెలుసుకోండి. అమెరికాలో పనివారికి నిపుణులు సూచించిన లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ శబ్దంలో రోజుకు 8 గంటలు ఉండవచ్చు. 88 అయితే 4 గంటలు. 100 అయితే 15 నిమిషాలే! హెడ్‌ఫోన్లు పెట్టుకున్నా పక్కవారి మాట వినిపించాలి. విన్న తరువాత చెవిలో గుయ్యిమంటే అది హెచ్చరిక. మర్నాటికీ తగ్గకపోతే డాక్టరుకు చూపించండి. ఇంట్లోవాళ్ళు "వినిపించడం లేదా?" అని అడిగితే కోపగించుకోకండి. నాకు మొదట రోగం కనిపెట్టింది మా ఆవిడే సుమా!