అమీర్‌పేట నుంచి 250 కోట్ల ఏళ్ల వెనక్కి!

అమెరికా వెళ్లిన కొత్తలో మనవాళ్లు ఇంటికి పంపే ఫొటోల్లో గ్రాండ్ కేనియన్ ఉండాల్సిందే. నలుగురు మిత్రులు కలిసి కారు అద్దెకు తీసుకుంటారు. అరిజోనా ఎడారిలో గంటల తరబడి ప్రయాణించి, ఎర్రటి లోయ అంచున నిలబడి ఫొటో దిగుతారు. వాళ్లలో ఎందరో ఒకప్పుడు అమీర్‌పేట హాస్టళ్లలో ఉంటూ, మైత్రీవనం చుట్టుపక్కల జావా, ఒరాకిల్ నేర్చుకున్నవారే. మరి ఆ నెలల్లో హైదరాబాద్ రాళ్లను చూసినవాళ్లెందరు?

వయసు లెక్కేస్తే మన రాళ్లే పెద్దన్నలు! గ్రాండ్ కేనియన్ అడుగున ఉన్న అతి పాత శిలల వయసు దాదాపు 180 కోట్ల ఏళ్లు. హైదరాబాద్ గ్రానైట్‌ది సుమారు 250 కోట్ల ఏళ్లు. వీటిని చూడటానికి వీసా అక్కర్లేదు. ఒక్క ఆదివారం చాలు.

పొద్దున్నే అమీర్‌పేటలో వేడివేడి ఇడ్లీ తిని, రాయదుర్గం వైపు వెళ్లే మెట్రో ఎక్కాలి. ఈ మార్గం 2019లో రాయదుర్గం దాకా పూర్తయింది. అమీర్‌పేట దాటాక ఏడో స్టేషన్ దుర్గం చెరువు. ఒకప్పుడు గోల్కొండ కోటకు మంచినీళ్లు అందించిన చెరువిది. చుట్టూ రాతి గుట్టలు కమ్ముకుని ఉండటంతో బయటివాళ్ల కంట పడేది కాదు. అందుకే 'సీక్రెట్ లేక్' అన్నారు. 2020లో తీగల వంతెన వచ్చాక ఆ రహస్యం కాస్తా ఊరందరికీ తెలిసిపోయింది!

అక్కడి నుంచి ఆటోలో ఖాజాగూడ వెళ్లొచ్చు. ఫక్రుద్దీన్ గుట్ట అని పిలిచే ఈ రాళ్ల మధ్య దర్గా ఉంది, గుడీ ఉంది. ఎవరో పేర్చినట్టు ఒకదానిమీద ఒకటి నిలబడ్డ బండలను చూస్తే 'పడిపోవా' అనిపిస్తుంది. నిజానికి ఎవరూ పేర్చలేదు. భూమిలోపల గట్టిపడిన గ్రానైట్ పగుళ్లలోకి నీరు దిగి, మూలలు అరిగి, చుట్టూ ఉన్న మట్టి కొట్టుకుపోతే మిగిలిన గుండ్లివి. బూట్లు, టోపీ, మంచినీళ్లు మరవొద్దు. ఎండ ముదరకముందే దిగిపోవడం మంచిది.

కొలరాడో నది ఆ లోయను తొలవడానికి లక్షల ఏళ్లు పట్టింది. ఇక్కడి గుట్టను పిండి చేయడానికి యంత్రాలకు కొన్ని వారాలు చాలు. అక్కడ జాతీయ పార్కు ఉంది, ఇక్కడ అపార్టుమెంట్లు లేస్తున్నాయి. 1996లో మొదలైన 'సొసైటీ టు సేవ్ రాక్స్' ఈ రాళ్లను కాపాడాలని పోరాడుతోంది. రాళ్ల మధ్య నడకలూ నిర్వహిస్తోంది.

సాయంత్రం తిరిగొచ్చి, అమీర్‌పేటలో రైలు మారితే తర్వాతి స్టేషన్ పంజాగుట్ట. ఫ్లైఓవరూ, షాపింగ్ మాళ్ల మధ్య అక్కడి గుట్టను వెతుక్కోవాల్సిందే. ఇంకో స్టేషన్ దాటితే ఎర్రమంజిల్. నవాబ్ ఫక్రుల్ ముల్క్ ప్యాలెస్ మాత్రం ఇప్పటికీ గుట్టమీదే ఉంది. దాన్ని కూల్చి శాసనసభ కట్టాలన్న నిర్ణయాన్ని 2019లో హైకోర్టు కొట్టేసింది.

మనుషులు కట్టింది కాబట్టి ఆ ప్యాలెస్ కోసం కోర్టుకెళ్లినవాళ్లున్నారు. మరి ఎవరూ కట్టని రాళ్ల కోసం? పంజాగుట్టలో గుట్ట పేరులోనే మిగిలింది. ఫక్రుద్దీన్ గుట్ట ఇంకా కళ్లముందుంది. ఫ్లైటెక్కేలోపు మిత్రులతో వెళ్లి చూసి రండి.