తొలకరి వేళ సర్వేల్ గురుకులం

నాటి నల్లగొండ జిల్లాలోని, నేటి యాదాద్రి భువనగిరి జిల్లాలోని సర్వేల్ గ్రామాన్ని మేము జూన్ మాసంలో దర్శించాము. పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా 1971లో, ఆంధ్రప్రదేశ్‌లో తొలి గురుకుల పాఠశాల ఇచ్చటనే వెలసింది. గ్రామీణ విద్యార్థుల ప్రతిభకు పేదరికం అడ్డు కారాదన్నదే దాని ఆశయం.

ఈ మెట్టప్రాంతంలో తొలకరి రెండు పనులను ఒక్కసారే తెస్తుంది. చేలో పత్తిగింజలు పెట్టాలి. అప్పుడే బడి తెరుస్తారు. ఇంట మరో మనిషి సాయం అవసరమైన ఆ రోజుల్లోనే తల్లిదండ్రులు కొడుకును, అతని పెట్టెను వసతిగృహంలో అప్పగించి, మబ్బుల వైపు చూస్తూ బస్సెక్కుతారు. దసరా సెలవులకు ఇల్లు చేరిన బాలుడు తొలి పత్తి ఏరి, మరల పుస్తకం పడతాడు.

నేడు ఉభయ తెలుగు రాష్ట్రాలలో గురుకులాలు వందల సంఖ్యలో ఉన్నాయి. వాటిని నెలకొల్పినది ప్రభుత్వమే; ఏటేటా నిలుపుతున్నది మాత్రం ఆ రైతుకూలీల త్యాగమని మాకు తోచింది.