వాపు తగ్గించే సూది ఎందుకు వేయరు?

పల్లెలో ఎవరికైనా పక్షవాతము వచ్చిందంటే ఆసుపత్రి వరండాలో తప్పక వినబడే ప్రశ్న ఒకటున్నది. "మెదడు వాచింది అంటున్నారు గదా, మరి వాపు తగ్గించే సూది ఎందుకు వేయరు?" మా పెదనాన్నగారు పడిపోయినప్పుడు ముసునూరు నుండి వచ్చిన బంధువులందరూ మమ్మల్ని అడిగినదీ ఇదే. మేము డాక్టరుగారిని అడిగాము. ఆయన ఓపికగా చెప్పినదీ, తరువాత మేము చదివి తెలుసుకొన్నదీ కలిపి వ్రాస్తున్నాము.

అవి రసాలు కోతకు వచ్చిన రోజులు. పెదనాన్నగారు తోటలో చిక్కము పట్టుకొని కూలీలకు ఏదో చెప్పబోయారు. మాట ముద్దగా వచ్చింది. కుడిచేతిలోని కర్ర జారిపోయింది, మూతి ఒక ప్రక్కకు పోయింది. ఎండదెబ్బ అన్నారు ఒకరు, పావురము రక్తముతో మర్దన చేయాలన్నారు మరొకరు. పెద్దమ్మగారు ఎవరి మాటా వినలేదు. "108కి ఫోను చేయండి" అన్నారు. రెండున్నర గంటలలో విజయవాడలో స్కాను అయింది. రక్తస్రావము లేదు, ఎడమ మెదడుకు పోయే నాళములో రక్తపు గడ్డ అడ్డుపడింది. గడ్డ కరిగించే మందు ఎక్కించారు. ఆ మందు సాధారణముగా నాలుగున్నర గంటలలోపే ఇవ్వాలి. పెద్ద నాళము మూసుకుపోతే నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణములు చనిపోతాయని లెక్క కట్టారు. ఆ లెక్క చదివిన తరువాత పెద్దమ్మగారి మీద మాకు గౌరవము ఇంకా పెరిగింది.

ఇక వాపు సంగతి. గడ్డివాము అంటుకొన్నదనుకోండి. ఊరంతా బిందెలతో పరుగెత్తుతారు. మంట ప్రాకకుండా ప్రక్క పాక కప్పు కూడా లాగేస్తారు, కాళ్ళ క్రింద కూరమడి నలిగిపోతుంది. మెదడులో జరిగేదీ అలాంటిదే. చనిపోతున్న కణములు కేక వేస్తాయి. ఆ కేక విని మెదడులోని కావలి కణములు కొన్ని మాంసకృత్తులను వదలుతాయి. వాటి పేర్లు ఇంటర్‌ల్యూకిన్-1, ఇంటర్‌ల్యూకిన్-6, టి.ఎన్.ఎఫ్. వీటి పిలుపు అందుకొని రక్తములోని తెల్లకణములు వచ్చిపడతాయి. నాళముల గోడలు వదులై నీరు ఊరుతుంది, మెదడు వాస్తుంది. మూడవ రోజు నుండి అయిదవ రోజు వరకు ఈ వాపు ఎక్కువ. బ్రతకగలిగిన కణములు కూడా కొన్ని ఈ తొక్కిసలాటలో పోతాయి.

అయితే మరునాడు బూడిద ఎత్తేదెవరు? కొత్త రాటలు పాతేదెవరు? ఆ ఊరివారే గదా! చచ్చిన కణములను శుభ్రము చేసేదీ, కొత్త నాళములు మొలిపించే పదార్థములను వదిలేదీ చాలావరకు ఆ కణములే. ఎం.ఎం.పి.-9 అనే మాంసకృత్తు సంగతి చూడండి. మొదటి రోజున అది నాళముల గోడలను చెరుపుతుంది. దానిని వారము తరువాత అడ్డుకొంటే మెదడు బాగుపడుటే కుంటుపడినదని 2006లో ఎలుకల మీద చేసిన పరిశోధన చూపించింది. మనుష్యులలోనూ ప్రయత్నించారు. తెల్లకణములు మెదడులోనికి రాకుండా ఆపే ఎన్లిమోమాబ్ అనే మందును 625 మంది ఉన్న పరీక్షలో వాడి చూశారు. 2001లో ఫలితము వెలువడింది. మందు పుచ్చుకొన్నవారి స్థితి పుచ్చుకొననివారికంటె అధ్వాన్నముగా ఉన్నది. అది ఎలుక నుండి తీసిన మందు గనుక శరీరము దానిమీదే తిరగబడి ఉండవచ్చునని కూడా తలంచారు.

మన బంధువులు అడిగే స్టీరాయిడు సూదీ ఇంతే. మెదడులో కంతి ఉంటే దాని చుట్టూ వాపుకు అది పనిచేస్తుంది. గడ్డ వలన వచ్చిన పక్షవాతములో వాడి చూస్తే మేలు కనబడలేదు, పైగా చక్కెర పెరుగుతుంది, చీము వ్యాధులకు దారి ఏర్పడుతుంది. వాపు మరీ ప్రాణము మీదికి వస్తే పుర్రె ఎముక కొంత తీసి చోటు చేస్తారు. మా పెదనాన్నగారికి అంతవరకు రాలేదు.

చుట్టము ఒకాయన రెండవ రోజున కొబ్బరినీళ్ళు తెచ్చి నోట్లో పోయబోతే నర్సమ్మగారు గట్టిగా ఆపారు. మ్రింగుడు సరిగా ఉన్నదో లేదో పరీక్షించనిదే చుక్క నీరు పోయరాదట. అది ఊపిరితిత్తులలోనికి పోతే న్యుమోనియా వస్తుంది. పక్షవాతము తరువాత ఒంటి కాపుదల కొన్నాళ్ళు తగ్గిపోతుంది గనుక అది ఊరకే పోదు. అప్పుడు లోపలి మంట మరల రాజుకొంటుంది. రక్తపరీక్షలో సి.ఆర్.పి. అని వ్రాస్తారే, అది ఆ మంటకు గుర్తుగా కాలేయము తయారుచేసే మాంసకృత్తు. మేము రోజూ ఆ అంకె అడిగి చీటీ మీద వ్రాసుకొనేవాళ్ళము.

రెండవసారి పక్షవాతము రాకుండా కాల్చిసిన్ అనే వాపు మందును ఐరోపాలో పరీక్షించారు. 2024లో వచ్చిన ఫలితము మేలును రుజువు చేయలేకపోయింది. ఆ కాల్చిసిన్ మన కంచెలమీద ప్రాకే అడవినాభిలోనూ ఉన్నది. విని ఎవరూ గడ్డ త్రవ్వకండి, అది ప్రాణము తీసే విషము!

ఇప్పుడు పెదనాన్నగారు కర్ర పట్టుకొని తోట చివరివరకు నడుస్తున్నారు. బంగినపల్లి అనే మాట ఇంకా రాదు, "రసం" మాత్రము స్పష్టముగా వస్తుంది. రోజూ ఉదయము పెద్దమ్మగారు పళ్ళెములో చింతపిక్కలు పోసి కుడిచేతితో ఏరిస్తారు, రక్తపోటు మాత్ర దగ్గరుండి మ్రింగిస్తారు. ఉప్పు తగ్గించమన్నారు గనుక ఆవకాయ జాడీని అటక మీదికి ఎక్కించారు. ఆయన రోజూ దానివైపు చూస్తూనే ఉన్నారు.