పెంటపాడు నుంచి కొల్లేటిదాకా

మా ఊరి పేరు చెప్పగానే కొత్తవాళ్ళు నవ్వు ఆపుకోవడానికి తంటాలు పడతారు. పెంటపాడు! తెలుగు ఎం.ఏ. చదివిన పాపానికి అర్థం విప్పిచెప్పే భారం నామీద పడుతుంది. “పాడు అంటే పాడుపడడం కాదండీ, ఊరు అని అర్థం. నల్లమలలో చెంచుల గూడేలను ఈనాటికీ పెంటలనే అంటారు” అని చెప్పి పంపిస్తూ ఉంటాను. పోయిన శ్రావణమాసంలో మాత్రం ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఎంచేతనంటే, అప్పుడు మా ఇంట్లో ఒక వస్తువు నిజంగానే పాడైంది.

అది నా కంప్యూటరులోని హార్డ్ డిస్కు. ఆ రాత్రి కరెంటు మూడుసార్లు పోయి వచ్చింది. తెల్లవారి కంప్యూటరు వేస్తే లోపల గోడగడియారంలాగ టిక్కు టిక్కుమని చప్పుడు. కట్టేశాను. మళ్ళీ వేశాను. అలా ఓ పదిసార్లు వేసి ఉంటాను. ఆ పదిసార్లే నేను చేసిన అసలు తప్పని తరవాత తెలిసింది.

అందులో పోతే పోయే సినిమాలూ ఫోటోలూ అయితే నేనింత బాధపడను. పదేళ్ళుగా సెలవులు దొరికినప్పుడల్లా కొల్లేటి లంకలు తిరిగి, ముసలమ్మలచేత పాడించుకున్న పాటలున్నాయి. నాట్ల పాటలు, దంపుళ్ళ పాటలు, దోనె మీద పాడుకునేవి, మొత్తం నూటపన్నెండు. పాడినవాళ్ళలో కొందరు ఈ లోకంలో లేరు.

డిస్కు ఊడదీసి, తువ్వాలులో చుట్టి, ఆటో ఎక్కి తాడేపల్లిగూడెం వెళ్ళాను. ఉల్లిపాయల మార్కెట్టుకు పేరుమోసిన ఊరది. రెండో ప్రపంచయుద్ధంనాటి విమానాల రన్‌వే ఒకటి ఉంది. 2015లో నిట్ కాలేజీ కూడా వచ్చింది. బస్తాల మధ్యనుంచి దారి చేసుకుని కంప్యూటర్ల కొట్టుకు చేరేసరికి కొట్టతను లేచి నిలబడ్డాడు. నా పాత విద్యార్థి.

“కూర్చోండి మేష్టారూ. టిక్కుమంటోందా? అయితే దీన్ని మళ్ళీ తిప్పకండి. రేకుమీద ముల్లు గీసుకుంటే ఉన్నది కూడా పోద్ది” అన్నాడు.

డిస్కులో ఉన్నది అద్దంలాంటి గుండ్రటి రేకులు. నిమిషానికి 5,400 సార్లో 7,200 సార్లో తిరుగుతాయి. వాటిమీద చదివే ముల్లు ఆనకుండా తేలుతుంది. ఆ ఎడం తలవెంట్రుక మందంలో వెయ్యోవంతు కూడా ఉండదు. ఆంధ్రప్రదేశ్ అవతరించిన 1956లోనే ఐ.బి.ఎం. కంపెనీ మొట్టమొదటి డిస్కు యంత్రాన్ని బయటపెట్టింది. రెండడుగుల వెడల్పున యాభై రేకులు, బరువు సుమారు టన్ను. అందులో పట్టేది యాభైలక్షల అక్షరాలు! ఈనాడు అరచేతిలో పట్టే డిస్కు దానికి లక్షలరెట్లు మోస్తోంది.

“సరేనోయ్, కొత్తది కావాలి. నమ్మకమైనది చూపించు” అన్నాను.

అబ్బాయి నవ్వాడు. “ఉల్లిపాయైతే మెడ దగ్గర నొక్కి చూస్తాం మేష్టారూ. దీన్ని ఎక్కడ నొక్కుతాం?”

నిజమే. ఒకప్పుడు ఎన్నో కంపెనీలు డిస్కులు చేసేవి. శాంసంగ్ వ్యాపారాన్ని 2011లో సీగేటూ, హిటాచీవారిదాన్ని 2012లో వెస్టర్న్ డిజిటలూ కొనేశాయి. ఇప్పుడు మిగిలినవి ఆ రెండూ, తోషిబా, అంతే. బ్యాక్‌బ్లేజ్ అనే అమెరికా కంపెనీ తాను వాడే వేలాది డిస్కుల్లో ఏవి ఎన్ని చెడిపోయాయో 2013 నుంచి లెక్కలు ప్రకటిస్తోంది. 2023లో సగటున ఏడాదికి నూటికి 1.4 పోయాయి. ఒకే కంపెనీ మోడళ్ళలో ఒకటి రత్నం, ఇంకొకటి రాయి. కనక పేరు చూసి కొంటే చాలదు.

మరేం చూడాలి? అబ్బాయి నాకు పాఠం చెప్పాడు. నేను బెంచీమీద కూర్చుని విన్నాను.

కొన్ని డిస్కుల్లో రాతగీతలు పెంకుటింటి పెంకుల్లా ఒకదానిమీద ఒకటి ఎక్కి ఉంటాయి. వాటిని ఎస్.ఎం.ఆర్. అంటారు. మధ్య పెంకు మార్చాలంటే పక్కవి కూడా ఎత్తాలి కదా! అలాగే, ఇందులో ఉన్నది మార్చి రాసేటప్పుడు బాగా నెమ్మదిస్తాయి. గీతలు విడివిడిగా ఉండేవి సి.ఎం.ఆర్. డబ్బాపైన ఈ సంగతి ఉండకపోవచ్చు, కంపెనీ పట్టికలో మోడలు నంబరు వెతికి చూసుకోవాలి. వారంటీ రెండేళ్ళదా, అయిదేళ్ళదా? సీరియల్ నంబరును కంపెనీవారి సైటులో కొడితే ఆ వారంటీ మనకు చెల్లుతుందో లేదో తెలుస్తుంది. సీలు తీసిన సంచీలో ఉన్నది తీసుకోకూడదు. ఒక టెరాబైటు కొన్నామనుకుంటే కంప్యూటరు 931 గిగాబైట్లే చూపిస్తుంది. మోసం కాదు, కంపెనీవాడి కుంచం వేరు, కంప్యూటరు కుంచం వేరు.

“ఎస్.ఎస్.డి. తీసుకోండి, తిరిగే రేకులే ఉండవు” అని కూడా అన్నాడు. కంప్యూటరు చురుగ్గా నడవడానికి అది మంచిదే. కాని అదే డబ్బుకు డిస్కులో ఎక్కువ జాగా వస్తుంది. పైగా ఎస్.ఎస్.డి.ని కరెంటు తగలకుండా ఏళ్ళతరబడి బీరువాలో పెడితే అందులో రాత చెరిగిపోవచ్చునట. దాచుకోవడమే నా పని కనక డిస్కే మేలనుకున్నాను.

“వారంటీలో డిస్కు ఇస్తారు సరే, పాటలు ఇస్తారా?” అని అడిగాను.

అబ్బాయి తల అడ్డంగా ఊపి, ఏలూరులో పోయిన డేటా తీసే ఒకతని చిరునామా రాసిచ్చాడు.

మర్నాడు ప్యాసింజరు బండి ఎక్కాను. చేబ్రోలు, పూళ్ళ, భీమడోలు. కిటికీలో పచ్చని వరిచేలు, నడుమ నీళ్ళు. నీళ్ళు చూస్తే నాకు 2011 జ్ఞాపకం వచ్చింది. ఆ ఏడు థాయిలాండులో వరదలొచ్చి డిస్కుల ఫ్యాక్టరీలు మునిగితే ప్రపంచమంతటా వాటి ధర పెరిగింది. మా కొల్లేటివాళ్ళకు ఇది అర్థం కాని సంగతేం కాదు. ఉప్పుటేరు నీళ్ళు లాగకపోతే ఇక్కడా ఊళ్ళకు ఊళ్ళు మునుగుతాయి.

ఏలూరాయన డిస్కును ఉన్నదున్నట్టు ముందు మరో డిస్కులోకి ఎత్తి, ఆ నకలులోంచి పాటలు ఏరాడు. నాలుగురోజుల తరవాత ఫోను చేశాడు. “నూట అయిదు వచ్చాయండి. ఏడు పోయాయి. మీరు పదిసార్లు తిప్పకుండా ఉంటే అవీ వచ్చేవేమో.”

మందలింపు లేకుండా చెప్పాడు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది. పోయిన ఏడూ ఒకే ముసలమ్మ పాడినవి. గుడివాకలంక ఆమెది. చనిపోయి రెండేళ్ళయింది.

ముందే తెలుసుకునే వీలు లేదా అనుకున్నాను. డిస్కు తన ఆరోగ్యాన్ని తానే లెక్క రాసుకుంటుంది, దాన్ని చూపించే ఉచిత ప్రోగ్రాములూ ఉన్నాయి. చదవలేని చోట్లు ఒక్కటి కనబడినా డిస్కు మార్చేయడం మంచిది. కాని 2007లో గూగుల్ వారు లక్షకు పైగా డిస్కులను పరిశీలించి చెప్పింది వినండి: చెడిపోయినవాటిలో మూడోవంతుకు మించి ఏ హెచ్చరికా ఇవ్వకుండానే పోయాయి.

ఏలూరునుంచి అటే బస్సెక్కి గుడివాకలంక వెళ్ళాను. ఎందుకు వెళ్ళానంటే చెప్పలేను, పరామర్శకు వెళ్ళినట్టే వెళ్ళాను. దారికి రెండుపక్కలా చేపల చెరువులు. 2002లో అంతర్జాతీయ రామ్‌సర్ జాబితాకెక్కిన సరస్సు ఇది. 2006లో సర్కారు సరస్సులోని చెరువుగట్లు ఎన్నో కొట్టించింది. గూడబాతులు రెక్కలు ముడుచుకుని మోడులమీద కూర్చున్నాయి.

ముసలమ్మ మనవరాలు నన్ను గుర్తుపట్టి మంచం వాల్చింది. సంగతంతా చెప్పి, “మీ నాయనమ్మ గొంతు పోగొట్టానమ్మా” అన్నాను.

“అయ్యో, పోవడమేంటి బాబుగారూ! మీరు అప్పుడే నా ఫోనుకి పంపారు కదా? మా పిన్నికీ పంపాను. పిల్లోడు నిద్రపోకపోతే అదే పెడతాను, ఆయ్!” అని ఫోను తెచ్చింది.

ఏడుకి ఏడూ ఉన్నాయి. మర్యాదకోసం ఎప్పుడో పంపి, మరిచిపోయిన పాటలు. పదేళ్ళ నా జాగ్రత్తకంటె ఆ ఒక్కరోజు మర్యాదే గట్టిదైంది.

మా నాన్నగారు వ్యవసాయం చేసిన రోజుల్లో విత్తనపు ధాన్యం సగం మా పురిలోనూ, సగం మా మేనత్తగారింట్లోనూ ఉంచేవారు. బ్రౌన్ దొర కూడా ఒక్కొక్క కావ్యానికి ఎన్నో తాళపత్ర ప్రతులు సేకరించి, పండితులచేత శుద్ధప్రతులు రాయించాడు. ఇది క్లాసులో ఏటేటా నేనే చెప్పే పాఠం. చెప్పేవాడికి వంటబట్టడానికి ఒక డిస్కు పాడవవలసి వచ్చింది!

తిరుగుదారిలో గూడెంలో దిగి డిస్కులు కొన్నాను. ఒకటి కాదు, రెండు. రెండూ సి.ఎం.ఆర్. రకమే, కాని రెండు వేరువేరు కంపెనీలవి. ఒకే ఈతలో పుట్టినవి ఒకేసారి జబ్బుపడకూడదని ఈ ఏర్పాటు. కంప్యూటరుకు యు.పి.ఎస్. కూడా పెట్టించాను. కొత్త డిస్కులకు ముందు ఒక రాత్రీ పగలూ పూర్తి పరీక్ష నడిపి, తరవాతనే పాటలెక్కించాను. ఒకటి పెంటపాడులో ఉంది. రెండోది ఏలూరులో మా బావమరిది బీరువాలో ఉంది. ఆరునెలలకొకసారి తీసి చూడడం ఒప్పందం. పాడిన ప్రతి ఇంటికీ ఆ ఇంటి పాటలు తిరిగి పంపించాను.

నమ్మకమైన డిస్కు ఏదని ఎవరైనా అడిగితే ఇప్పుడు నేను చెప్పే జవాబు ఒక్కటే: రెండోది.

ఆవేళ గుడివాకలంకలో బస్సు వచ్చేలోగా ఆ మనవరాలు పాటల్లో ఒకటి ఫోనులో వినిపించబోయింది. ఛార్జింగు అయిపోయింది. పక్కనున్న పసివాడు ఊరుకోలేదు. తల్లి కొంగు పట్టుకుని లాగి, “నువ్వే పాడు” అన్నాడు.

‘పాడు’ అనే మాటకు మూడో అర్థం ఉందని నాకప్పుడు గుర్తొచ్చింది.