పుట్టింటి అల్లం

అల్లమంటే తెలియదా, బెల్లంలాగా పుల్లగా ఉంటుందన్నాడట వెనుకటికొకడు. రోజూ వంటింట్లో కనిపించే వస్తువును గురించి మనకున్న జ్ఞానం తరచుగా ఇంతే. అల్లాన్ని వేరు అంటాం. నిజానికది నేలలో అడ్డంగా పాకే కాండం. గింజ వేస్తే మొలుస్తుందనుకుంటాం. సాగులో ఉన్న అల్లానికి గింజ కట్టడమన్నది దాదాపు లేదు. కన్ను ఉన్న కొమ్మును విరిచి మరొకచోట పాతితేనే మరొక మొక్క. తనంతట తాను అడవిలో బతికే అల్లం ఈనాడు కనిపించదు. ఎన్నో శతాబ్దాలుగా అది మనుషుల చేతులు మారుతూనే బతుకుతున్నది.

ఇలా చేతులు మారే పైరుకు తొట్టి కొత్త కాదు. 14వ శతాబ్దంలో కాలికట్ రేవులో చైనా ఓడలను చూసిన యాత్రికుడు ఇబ్న్ బతూతా, వాటి నావికులు కొయ్యతొట్లలో కూరలతోపాటు అల్లం కూడా పెంచుకుంటారని రాశాడు. కాళ్ళ కింద నేల లేనివారు కనిపెట్టిన ఉపాయమది.

సూరత్ నగరంలోని లింబాయత్‌లోనూ నేల కరువే. తెలంగాణ జిల్లాల నుంచి బతుకుతెరువు కోసం వచ్చిన నేతపనివారు మరమగ్గాల చప్పుళ్ళ నడుమ తరాలుగా స్థిరపడిన పేట అది. నగరపాలక సంస్థ నడిపే పాఠశాలల్లో తెలుగు మాధ్యమం కూడా ఉండడానికి ఇటువంటి కుటుంబాలే కారణం. ఇళ్ళు ఇరుకు, గోడకు గోడ ఆనుకొని ఉంటాయి. పెరడు అనదగినది ఏదైనా ఉంటే అది డాబా మీదనే.

అటువంటి ఒక డాబా మీద, మగ్గం పని మానుకున్న ఒక వృద్ధుడూ ఆయన ఇల్లాలూ పన్నెండు తొట్లలో అల్లం వేశారు. విత్తనం ఆమె పుట్టింటిది. వరంగల్లు ప్రాంతంలోని ఆ ఇంటి నుంచి ఎన్నడో నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌లో గుడ్డసంచిలో వచ్చిన కొమ్ములకు అవి సంతానం. తరువాత ఆ ఇల్లు అమ్ముడుపోయింది. అక్కడి నుంచి ఆమెకు మిగిలింది ఈ అల్లమొక్కటే.

చలిదేశాలలో సూర్యుని వేడిని లోపల పట్టి ఉంచడానికి గాజుతో గ్రీన్‌హౌస్ కడతారు. సూరత్‌లో అవసరం వేరు. మే నెల ఎండను వడగట్టాలి, జూన్ నుంచి సెప్టెంబరు దాకా కురిసే వానను అడ్డగించాలి. వెదురు గుంజలకు పచ్చటి షేడ్‌నెట్ చుట్టి, పైన ప్లాస్టిక్ పట్టా కట్టి, గాలి ఆడేందుకు పక్కలు తెరిచి ఉంచారు. అల్లం అరనీడను ఇష్టపడే మొక్క. అంతకుమించిన భవనం దానికి అక్కరలేదు.

తొట్టి లోతు అడుగు ఉంటే చాలు గాని, వెడల్పు ఉండాలి. దుంప పక్కలకు పెరుగుతుంది. మట్టి, ఇసుక, బాగా చివికిన పశువుల ఎరువు, కొంచెం వేపపిండి కలిపి నింపుతారు. 20 నుంచి 25 గ్రాములు తూగే కొమ్మును, ఒకటి రెండు మంచి కళ్ళున్నదాన్ని, కన్ను పైకి ఉండేటట్లు 4, 5 సెంటీమీటర్ల లోతున పెట్టి ఎండుటాకులు కప్పుతారు. నేల తడిగా ఉండాలి, బురద కాకూడదు. అల్లం సాగులోని విద్య అంతా ఈ రెండు మాటల మధ్యనే ఉంది. ఎనిమిది నెలలకు ఆకులు పండినప్పుడు గాని లోపల ఏముందో తెలియదు.

ఒక సంవత్సరం మే నెలలో నాటగా నాలుగు కొమ్ములు మిగిలాయి. ఎదురింటి మరాఠీ ఇల్లాలు అడిగితే ఆమె ఇచ్చివేసింది. వృద్ధునికి కష్టం తోచింది.

"అది మీ పుట్టింటి విత్తనం. మళ్ళ కావాలంటే ఇచ్చేటందుకు అక్కడ ఎవరున్నరు?" అన్నాడు.

"మొలకొచ్చినదాన్ని కూరలో ఎట్ల వేస్త?" అన్నదామె. అంతకుమించి వాదించలేదు.

ఆగస్టులో ఒక రాత్రి గాలివానకు పట్టా చినిగింది. తెల్లవారేసరికి తొట్లలో నీరు నిలిచి ఉంది. వారం తిరగకుండా ఆకులు కొసల నుంచి పసుపు పచ్చబడ్డాయి. కాడను తాకితే ఊడి చేతికి వచ్చింది, మొదట్లో దుర్గంధం. దుంపకుళ్ళు తెగులు. నీరు నిలిచిన మన్నులో అది ఒక తొట్టితో ఆగదు, పట్టిన మొక్కను మందు బతికించదు. దాచిన విత్తనమంతా మే నెలలోనే మట్టికి ఇచ్చారు కాబట్టి ఇంట్లో ఒక్క కొమ్ము లేదు. బజారులో అల్లానికి లోటు లేదు. కాని అది బజారు అల్లం. ఆమె ఆ పూట పొయ్యి వెలిగించలేదు.

ఎదురింటివారు తమ నాలుగు కొమ్ములను అడుగు పగిలిన పాత రంగు డబ్బాలో నాటారు. ఆ పగులే దాన్ని కాపాడింది; వచ్చిన నీరు వచ్చినట్లే కారిపోయింది. జనవరిలో ఆ ఇల్లాలు డబ్బాను బోర్లించి, గుప్పెడు దుంపలు కొంగున వేసుకొని వీధి దాటి వచ్చింది. ఆమె భాషలో అది ఆలె, పక్కింటి గుజరాతీలకు ఆదు, హిందీవారికి అద్రక్. దక్షిణాదివారి 'ఇంజి' ఎన్నో భాషలు దాటి ఇంగ్లీషులో జింజర్ అయిందంటారు. ఇల్లాలికి ఇవేవీ పట్టలేదు. దుంపను తిప్పి చూసి, నడుమ ముదురు రంగున ముడుతలు పడి ఉన్న ముక్కను వేలితో తడిమింది. అల్లంలో నాటిన కొమ్ము సాధారణంగా పిల్లలకు పాలిచ్చి కరిగిపోదు, గట్టిగానే నిలుస్తుంది. సిక్కింలో రైతులు పైరు మధ్యలోనే ఆ తల్లిదుంపను తవ్వి తీసి అమ్ముకుంటారు కూడా. అంటే మే నెలలో తాను ఇచ్చిన కొమ్మే ఆమె చేతికి తిరిగి వచ్చింది.

వేసవిలో వృద్ధుడు తొట్ల మన్నును డాబా మీద పరచి, తడిపి, తెల్లటి ప్లాస్టిక్ కప్పి 40 రోజులు ఎండకు వదిలాడు. ప్రతి తొట్టి అడుగున కొత్తగా రంధ్రాలు పెట్టాడు. నాటే రోజున ఆయనే కొమ్ములు లెక్కపెట్టాడు. తమకు ఎనిమిది ఉంచి, మిగిలినవి విడివిడిగా కాగితాల్లో చుట్టి, ఏ ఇంటికి ఏది ఇవ్వాలో ఇల్లాలిని అడిగాడు.